మామ చెప్పిన జిలేబీ చేపల పులుసు

మా మామ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేప ముక్క నోట పెట్టిన మనిషి కాదు. అయినా వేంపల్లె బజారులో ఒక కాలంలో సగంమంది ఆడవాళ్లు చేపల పులుసు ఎట్లా చేయాలో ఆయన్నే అడిగేవాళ్లు. ఈ సంగతి చెబితే మా పుట్టింటివాళ్లు ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోతే మానె, నేను ఆ ఇంటి కోడల్ని, అన్నీ కళ్లారా చూసినదాన్ని.

మాది కిరాణా అంగడి. ఇంట్లో గుడ్డు పేరు ఎత్తితేనే మా అత్త చెవులు మూసుకొనేది. ఏకాదశి నాడైతే ఎర్రగడ్డ కూడా వంటింటి గడప దాటకూడదు. అటువంటి ఇంట్లో పుట్టిన మామకు మాంసం కూరల మర్మాలన్నీ తెలుసంటే కారణం ఒక్కటే, ఆయనకున్న అలవాటు. ఎవరొచ్చి ధనియాలు అడిగినా "దేనికి తల్లీ?" అనకుండా తక్కెడ ముట్టుకొనేవాడు కాదు. పొట్టేలు కూరకా, నాటుకోడి పులుసుకా, ఎంతమందికి, సంగటిలోకా అన్నంలోకా, అన్నీ అడిగేవాడు. దానికి తగ్గట్టు ధనియాలు, గసాలు, చెక్కాలవంగాలు వేరువేరు పొట్లాలు కట్టి, ఏది ముందు వేయించాలో, ఏది వెనక నూరాలో చెప్పి పంపేవాడు. మళ్లీ వచ్చినప్పుడు "కూర ఎట్లుండె?" అని అడిగేవాడు. అట్లా ఊరి వంటలన్నీ ఆయన చెవుల్లో పడి, అక్కడే నిలిచిపోయాయి. ఆయన మాట విని చేసిన కూర చెడిందని ఈ జిలేబీల సంగతి జరిగేదాకా నేను వినలేదు.

నేను ప్రొద్దుటూరు నుంచి కోడలిగా వచ్చిన కొన్నాళ్లకే మామకు మోకాళ్లు పట్టేశాయి. గల్లాపెట్టె ముందు మా ఆయన కూర్చున్నాడు. మా ఆయన కొత్త కాలం మనిషి. కరెంటు తక్కెడ తెచ్చాడు. మటన్ మసాలా, చికెన్ మసాలా, చేపల మసాలా అంటూ పొట్లాల దండలు తెచ్చి పెండ్లిపందిరికి కట్టినట్టు అంగడి ముందర వేలాడదీశాడు. పొట్లం మీద బొమ్మ ఉంటుంది, దేనికని అడగాల్సిన పనిలేదు. వచ్చినవాళ్లు చేయి చాపి తుంచుకొని పోతారు. మామ కందిపప్పు మూటల పక్కన ఒక స్టూలు వేసుకొని, చేతులు ఒళ్లో పెట్టుకొని, వచ్చేపోయేవాళ్లను చూస్తూ కూర్చొనేవాడు.

"ఊరికే ఈడ కుచ్చొని ఏం చేస్తాండావు నాయనా, ఇంటికాడ టీవీ చూసుకుంటా పండుకోకూడదా?" అని మా ఆయన రోజూ అనేవాడు. ఆ మాట మంచికే అన్నాడు, కాదనను. కానీ అది విన్నప్పుడల్లా మామ ముఖం చిన్నబోయేది. ఒకరోజు మధ్యాహ్నం నేను అన్నం క్యారియరు తీసుకొని పోతే, కొడుకు బయటికి పోయిన సందు చూసి మెల్లగా అన్నాడు.

"అమ్మా, ఇంటికాడ కుచ్చుంటే నా పని అయిపోయినట్లే. ఆ స్టూలు మాత్రం తీసెయ్యకుండా నువ్వు చూడాల."

అంత పెద్దమనిషి ఒక స్టూలు కోసం నన్ను బతిమాలుకోవడమేమిటని మా ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఇంటికి వచ్చాక ఆయనతో గట్టిగానే వాదించాను. "నీకు తెలీదులే" అని ఒక్క మాటతో తేల్చేశాడు.

ఆ యేడు మా సీమలో ఎన్నడూ లేనట్టు వానలు పడ్డాయి. నెర్రెలు విచ్చిన చెరువులన్నీ నిండాయి. నీళ్లతోపాటు చేపలూ వచ్చాయి. బొచ్చె చేపల్లాంటి మంచి రకాలన్నీ ఐసు పెట్టెల్లో లారీలెక్కి ఎక్కడికో పోయాయి. మా ఊరికి మిగిలింది జిలేబీ.

ఆ చేపకు జిలేబీ అని పేరు పెట్టినవాడు దొరికితే నాలుగు అడిగి కడిగేయాలి. అరచేయంత ఉంటుంది. నల్లగా, వీపు మీద దువ్వెన పళ్లలాగా ముండ్లు. పొలుసు తీయబోతే చేతులు గీసుకుపోతాయి. కోస్తే బురద వాసన. ఒక చెరువులో పడిందంటే ఇంకో చేపను బతకనివ్వదట. ఇవన్నీ నాకెట్లా తెలుసంటారా, అంగట్లో మామ పక్కన నిలబడి విన్నవే.

చెరువు పక్క పల్లె నుంచి ఒకామె ఆ చేపల్ని గంపకెత్తుకొని వచ్చి, మా అంగడికి ఎదురుగా మూతపడిన టాకీసు మెట్ల మీద కూర్చొనేది. మా వైపు జనానికి పొట్టేలు తెలుసు, కోడి తెలుసు. చేప సంగతి అంతగా తెలియదు. చౌకగా వస్తోందని కొనేవాళ్లు, కొన్నాక ఏం చేయాలో తెలియక నల్ల కవరు వేళ్లకు వేలాడదీసుకొని నేరుగా రోడ్డు దాటి మా అంగట్లోకి వచ్చేవాళ్లు. "ఆ కవరు బయట పెట్టి రాండమ్మా!" అని మా ఆయన గల్లాపెట్టె వెనక నుంచి కేకలు పెట్టేవాడు.

మొదట వచ్చినామె బజారు చివర బట్టలు కుట్టే ఆమె. "చేపల మసాలా పొట్లం ఒకటి ఇయ్యప్పా" అంది. మా ఆయన దండలోంచి తుంచబోతున్నాడు. స్టూలు మీది నుంచి గొంతు లేచింది.

"ఏం చేప తల్లీ?"

"ఏదైతేనేం సెట్టీ. జిలేబంట."

"జిలేబికి ఆ పొట్లం చాలదు. బురదలో పెరిగినదానికి మెంతులు పడాల. ఎంతమందికి? సంగటిలోకా, అన్నంలోకా?"

ఎప్పుడో కర్నూలు నుంచి బదిలీ మీద వచ్చిన పోలీసాయన భార్య, తుంగభద్ర ఒడ్డున పెరిగినామె, మా అంగట్లో చింతపండు కొంటూ చెప్పిన ముక్కలు ఆయనకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. మెంతులు దోరగా వేయించాలి, మాడితే చేదు. చింతపండు పాతదైతేనే పులుసు నల్లగా దిగుతుంది. దానికి మామ మన సీమ తెలివి కూడా జోడించాడు. చెనిక్కాయలు, నువ్వులు వేయించి నూరి వేస్తే పులుసు చిక్కబడి సంగటికి బాగా పట్టుకుంటుందన్నాడు. చెబుతూ చెబుతూ స్టూలు మీది నుంచి లేచాడు. మోకాళ్ల నొప్పి ఏమైందో ఏమో, తానే పోయి ధనియాల డబ్బా దించాడు.

అది మొదలు. వారం తిరక్కుండానే స్టూలు చుట్టూ ఆడవాళ్లు గుమిగూడసాగారు. ఒకామెకు వేపుడు కావాలి, దానికి ఎర్రకారంలో తెల్లగడ్డ దంచి, చేపకు గాట్లు పెట్టి పట్టించి, పైన రాగిపిండి చల్లి పెనం మీద వేయమనేవాడు. ఇంకొకామె మొగునికి చింతపండు పడదు, ఆమెకు మామిడికాయ ముక్కలతో సరిపెట్టేవాడు. పొట్లాల దండలు ఎండకు వెలిసిపోతూ వేలాడేవి. ఒక్క చేప కూడా తినని మనిషి చేపల గురించి అంత ధీమాగా మాట్లాడుతుంటే నాకు లోపల నవ్వు ఆగేది కాదు. సంతోషంగానూ ఉండేది. ఆ రోజుల్లో మామ అన్నం కడుపునిండా తిన్నాడు.

కానీ ఆయనకు ఒక బాధ ఉండేది. తాను చెప్పినది నాలుక మీద ఎట్లా ఉంటుందో చూసుకొనే దారి లేదు. ఒకరోజు పొద్దున్నే అరటికాయలు తెచ్చి నా ముందు పెట్టాడు.

"అమ్మా, వీటిని చేప ముక్కల మాదిరి ఏటవాలుగా కొయ్యి. నేను చెప్పినట్ల పులుసు చెయ్యి. మీ అత్తకు చెప్పొద్దు."

అప్పటి నుంచి మా ఇంట్లో ప్రయోగాలు మొదలయ్యాయి. ఒకరోజు మెంతులు ఎక్కువ, ఒకరోజు నువ్వులు తక్కువ. వేపుడు పరీక్ష కూడా అరటికాయ మీదే జరిగింది. మామ ఒక్కో ముక్కా నోట్లో వేసుకొని కళ్లు మూసుకొని, "పులుపు ఇంకా ముక్కలోకి దిగలే, ఇంకాస్త ఉడకాల. గరిటెతో బాగా కలియబెట్టు" అనేవాడు. అరగంట మరిగితే గాని ఆయన తృప్తిపడేవాడు కాదు. నిజం చెప్పొద్దూ, పులుసు అద్భుతంగా కుదిరేది. పాపం మా అత్త, ఇదంతా తెలియక, "ఏం ఈమధ్య వారమంతా అరటికాయేనా? వాతం గదా, మీ మోకాళ్లకు మంచిది కాదు" అని గొణిగేది. "నోటికి బాగుండాది, ఉండనీ" అని మామ కంచంలోకి తల దించుకొనేవాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుకొనేదాన్ని.

ఇంట్లో కుదిరిన పద్ధతిని ఆయన అంగట్లో ధైర్యంగా చెప్పాడు. ముందుగా విన్నది ఆ బట్టలు కుట్టే ఆమే. మంగంపేట గనుల్లో పనిచేసే ఆమె మరిది, కొత్త పెండ్లాంతో మొదటిసారి ఇంటికి వస్తున్నాడు. "అరగంట బాగా మరగనియ్యి. నడుమ నడుమ గరిటెతో కింది నుంచి కలియబెడతాండు, పులుసు ముక్కకు పడతాది" అని మామ చెప్పి పంపాడు.

మరునాడు పొద్దున నేను పూజ సామాను కోసం అంగడికి పోయి ఉన్నాను. ఆమె మట్టి సట్టి చంకన పెట్టుకొని వచ్చింది. ఆ నడక చూడగానే ఏదో జరిగిందని నాకు అర్థమైంది. సట్టి తెచ్చి ఏకంగా మా బియ్యం మూటల ముందు దించింది. మా ఆయన గల్లాపెట్టె మీది నుంచి ఎగిరి దూకినంత పని చేశాడు.

"చూడు సెట్టీ! ఇది పులుసా, ముండ్ల జావనా? తోటికోడలు మొదటి ముద్దకే గొంతు పట్టుకొనింది. ఉప్పు లేకుండా ఉత్త సంగటి ముద్దలు మింగించి ముల్లు దింపుకుంటిమి."

మామ తొంగి చూశాడు. సట్టిలో ముక్క అన్నది లేదు. కండంతా కరిగిపోయి, చిక్కటి ఎర్రటి జావలో ముండ్లు నిక్కపొడుచుకొని ఉన్నాయి.

"అరగంట ఉడకబెట్టమంటివి, చేపను ఎవురన్నా అరగంట ఉడకబెడతారా?" అంది ఆమె.

మామ తెల్లబోయి, "అదేం తల్లీ, మా ఇంట్లో అరగంటకు గాని ముక్క మెత్తబడలేదే!" అన్నాడు.

బెల్లం కొంటున్నాయన చేతిలో బెల్లం చేతిలోనే ఉండిపోయింది. "మీ ఇంట్లోనా!" అంది బట్టలు కుట్టే ఆమె, బుగ్గన వేలేసుకొని. తానేమన్నాడో మామకు అప్పుడు తెలిసింది.

"అరటికాయలు! అరటికాయలతో చేసింది!" అని నేను అరిచాను. ఆ సమయంలో ఎవరు నమ్ముతారు? చేపల పులుసు గురించి అడిగితే కోడలు అరటికాయలంటోందని ఒకరినొకరు చూసుకొని ముసిముసిగా నవ్వుకున్నారు. మధ్యాహ్నానికల్లా సెట్టిగారింట్లో చేపలు ఉడుకుతున్నాయని బజారంతా పాకింది. సాయంత్రం గుడి దగ్గర మావాళ్లే ఒకరు మా ఆయన్ని పక్కకు పిలిచి, ఇంట్లో అంతా బాగేనా అని అడిగారట.

మా ఆయన ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండానే అన్నాడు. "ఇంక చాలు నాయనా. రేపట్నుంచి నువ్వు అంగడికి రావద్దు. పరువు తీస్తాండావు."

మామ తువ్వాలు భుజం మీద సర్దుకొని లోపలికి పోయాడు. మరునాడు అంగట్లో స్టూలు లేదు. మా ఆయన దాన్ని ఇంటికి పంపించేశాడు. తలుపు పక్కన గోడకు ఆనించి ఉన్న ఆ స్టూలును కొంగుతో తుడిచి నిలబడ్డాను. ఆయన నన్ను అడిగిందల్లా అదొక్కటే, అది కూడా చేయలేకపోయాను కదా అనిపించింది.

ఇంట్లో మామ టీవీ ముందు కూర్చొనేవాడు, చూసేవాడు కాదు. అన్నం ముందు పెడితే కెలికి లేచేవాడు. పొద్దెక్కగానే అంగడికి పోయే వేళకు చొక్కా వేసుకొని, పోయేదెక్కడికో గుర్తొచ్చి, వీధి అరుగు మీద కూర్చొనేవాడు. అరటికాయల సంగతి నేను అత్తకు అంతా చెప్పేశాను. ఆమె తల కొట్టుకొని, "ఈయన తిక్కకు నాతో వారాల తరబడి చేపల పులుసు తినిపించినారా!" అని వక్కాకు కూడా మానేసి ఒక పూట అలిగింది. కానీ మామ ఎంగిలి కంచం తీసేటప్పుడు అందులో మిగిలిన అన్నం చూసి ఆమె కళ్లు కూడా చెమ్మగిల్లడం నేను చూశాను.

ఇట్లా కొన్నాళ్లు గడిచాక ఒక ఆదివారం పొద్దున, అత్త వాకిట్లో ముగ్గు వేసి తల ఎత్తేసరికి ఎదురుగా బట్టలు కుట్టే ఆమె, చేతిలో నల్ల కవరుతో.

"పెద్దసెట్టి ఉండాడా?" అంది.

మళ్లీ పోట్లాటకే వచ్చిందనుకొని నేను అడ్డం పోయాను. ఆమె నన్ను తప్పించుకొని నేరుగా అరుగు దగ్గరికి పోయింది.

"సెట్టీ, మొన్న మళ్లా చేస్తి. కారం, పులుపు, మెంతులు అంతా నువ్వు చెప్పినట్లే. ముక్కలేసినాక మాత్రం గరిటె పెట్టలే, సట్టి పట్టుకొని అట్లిట్ల తిప్పి, రెండు పొంగులు రాంగానే దించేస్తి. నా మొగుడు సట్టి నాకినంత పని చేసినాడు. అయితే బురద వాసన ఇంకా కొంచెం ఉండాది. దానికేం చేసేది?"

మామ ముఖంలోకి రక్తం రావడం నేను చూశాను. గొంతు సవరించుకొని, "ఇంకొకసారి చెప్పు తల్లీ. గరిటె పెట్టకూడదా? రెండు పొంగులేనా?" అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన తల ఊపుతూ విన్నాడు. తర్వాత, కల్లుప్పు, పసుపు వేసి రుద్ది, పుల్లమజ్జిగలో కాసేపు నానబెట్టి కడిగితే వాసన పోతుందని ఎవరో ఎప్పుడో చెప్పిన మాట వెతికి తీశాడు.

ఆమె పోయిన కాసేపటికి ఇంకొకామె వచ్చింది. అంగట్లో చిన్నసెట్టిని అడిగితే పొట్లం చేతిలో పెడుతున్నాడని, దేనికని అడిగే దిక్కు లేదని ఆమె ఫిర్యాదు. ఆమె వెనక ఇద్దరు. పాడైన పులుసును పారేయకుండా ముండ్లు ఏరి, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు వేసి పొరటు చేస్తే పిల్లలు ఎగబడి తిన్నారని అందులో ఒకామె చెప్పింది. మామ ఆ మాటను పక్కామెకు అప్పుడే అప్పజెప్పాడు. తర్వాతి ఆదివారానికి అరుగు నిండిపోయింది. కొనేవాళ్లందరూ ఇక్కడే ఉంటే టాకీసు మెట్ల మీద తనకేం పని అనుకుందేమో, చేపలామె గంప తెచ్చి ఏకంగా మా వాకిట్లో, అత్త వేసిన ముగ్గు మీద దించింది.

అత్త పూజ గదిలో హారతి ఇస్తోంది. కర్పూరం వాసనలోకి జిలేబీ వాసన వచ్చి కలిసింది. గంట మోగడం ఆగిపోయింది. అత్త బయటికి వచ్చి, ముగ్గు మీద గంప, గంప మీద ఈగలు, ఈగల మధ్య తన మొగుడు చేతులు తిప్పుతూ తెల్లగడ్డ ఎట్లా దంచాలో చెప్పడం, అంతా ఒక్క చూపులో చూసింది.

"లెయ్!" అంది మామతో. "నీ చేపల బడి అంగట్లో పెట్టుకో పో. నా గడప ముందర కాదు!"

అనడమే కాదు, లోపలికి పోయి ఆ స్టూలును తానే ఎత్తుకొని వచ్చింది. పెండ్లయినప్పటి నుంచి బజారు నడుమ తల ఎత్తి నడవని మనిషి, స్టూలు చంకన పెట్టుకొని ముందు నడిచింది. వెనక మామ, ఆయన వెనక నల్ల కవర్లతో ఆడవాళ్లు, అందరికంటే వెనక గంప, గంప పక్కన నేను. మా ఆయన గల్లాపెట్టె ముందు నిలబడి నోరు తెరుచుకొని చూస్తున్నాడు. అత్త స్టూలును కందిపప్పు మూటల పక్కన ఠక్కున దించి, "మీ నాయన ఈడనే ఉంటాడు. ఈ స్టూలు కదిలిస్తే చూడు మల్ల" అంది. మా ఆయన ఆ ఆడవాళ్లను చూశాడు, దుమ్ముపట్టిన పొట్లాల దండలను చూశాడు, చివరికి తండ్రిని చూశాడు. మామ కొడుకు వైపు చూడలేదు. ధనియాల డబ్బా వైపు చూస్తున్నాడు. మా ఆయన ఆ డబ్బాను దించి ఆయన చేతికిచ్చాడు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి అన్నానికి వచ్చారు. మామ వస్తూ వస్తూ రెండు అరటికాయలు తెచ్చాడు. ఈసారి అత్త ఎదురుగానే నా చేతికిచ్చి, పొయ్యి పక్కన నిలబడ్డాడు.

"గరిటె పెట్టొద్దమ్మా. సట్టి పట్టుకొని అట్లిట్ల తిప్పు. రెండు పొంగులు రాంగానే దించెయ్."

"మామా, ఇది అరటికాయ. ఉడకదు."

"కొత్త పద్ధతి సరిగ్గా కుదిరిందో లేదో చూడాల గదా, దించు" అన్నాడు. ఆయన ముఖంలో ఆ వెలుగు చూశాక నాకు ఎదురు చెప్ప బుద్ధి కాలేదు. దించేశాను.

వడ్డించాను. పులుసు ఘుమఘుమలాడుతోంది, ముక్క మాత్రం పచ్చిగా, రాయిలాగా ఉంది. అత్త ఒక ముక్క కొరికి, నా వైపు చూసి, మెల్లగా కంచం అంచుకు నెట్టేసింది. మా ఆయన కొరికాడు. కరకరమని శబ్దం అందరికీ వినిపించింది. మామ ముద్ద కలపడం ఆపి కొడుకు ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. మా ఆయన నమిలాడు, కష్టపడి మింగాడు, ఇంకో ముక్క చేతిలోకి తీసుకున్నాడు.

"శానా బాగుండాది నాయనా" అన్నాడు.

ఎన్నాళ్లకో మామ ముఖం విప్పారింది. పులుసు ఇంకొంచెం వేయమని నాకు సైగ చేసి, కొడుకు వైపు వంగి, "నిదానంగా తిను, ముండ్లుంటాయి" అన్నాడు.